ముసలాడికి బ్యాటరీ

ఫిబ్రవరి 6

మామయ్యకి,

నీ చెవులకి ఫోను పడదు, నీ వేళ్ళకి మెసేజీలు పడవు. ఇక కాగితమే గతి. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఈ కాలంలో ఎవరికమ్మా?" అంది. మా మామయ్యకి అన్నాను. పాపం ఆవిడ ఏమనుకుందో గానీ జాలిగా చూసింది.

అసలు విషయం ఇది. నా సొంత పేరు మీద మొదటి పెద్ద పని వచ్చింది. ఇక్కడి బస్సు డిపోలో డ్రైవర్లనీ కండక్టర్లనీ ఎవరి బస్సు పక్కన వాళ్ళని నిలబెట్టి ఫోటోలు తియ్యాలి. నిలువెత్తున అచ్చువేసి ప్రయాణికులు కూర్చునే హాల్లో గోడలకి పెడతారట. ఎగిరి గంతేశాను. మర్నాడు వెళ్ళి చూశాక తెలిసింది గంతు తొందరపడి వేశానని. బస్సులన్నీ డిపోకి వచ్చేది మిట్టమధ్యాహ్నం ఒక్కసారే. ఎండ నడినెత్తిన ఉంటుంది, తల మీద టోపీ ఉంటుంది, టోపీ తియ్యడం కుదరదు, యూనిఫాం రూలు. ఇద్దరికి తీసి చూశాను. కళ్ళుండాల్సిన చోట రెండు నల్లటి గుంటలు. మేనేజరు అది చూసి, "మావాళ్ళు బస్సులు తోలేవాళ్ళమ్మా, దోచేవాళ్ళు కాదు" అన్నాడు. వచ్చే నెల ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు. అప్పుడు కూడా కళ్ళు కనపడకపోతే పని వేరేవాళ్ళకి పోతుంది.

ఆ ఆవరణలో ప్లగ్గు లేదు. వైరు లాగితే దాని మీదనుంచే బస్సు పోతుంది. కాబట్టి బ్యాటరీతో కొట్టే ఫ్లాష్ లైటు కొనక తప్పదు. కొట్లో రెండు చూపించారు. ఒకటి ఆరువందల వాట్లది. దెబ్బకి సూర్యుణ్ణే పక్కకి నెడుతుంది గానీ ఎత్తాలంటే ఏడాది పిల్లాణ్ణి చంకనేసుకున్నట్టే. రెండోది రెండువందలది. చేతిసంచిలో పడుతుంది, కానీ ఆ ఎండలో అది వెలిగిందో లేదో నాకే తెలియలేదు.

నీ ముసలాణ్ణి పంపమందామా అని కూడా అనుకున్నాను. భుజానికి పెట్టె తగిలించుకుని, ఛార్జి ఎక్కుతుంటే ఈల వేస్తూ, నీతోపాటు పెళ్ళిళ్ళన్నీ తిరిగిన ఆ పాత ఫ్లాష్‌ని చూస్తే నాకు ఇప్పటికీ ప్రేమే. నువ్వు ముసలాడని పేరు పెట్టాక ఇంట్లో దాన్ని ఫ్లాష్ అన్నవాళ్ళే లేరు. కానీ పోయినసారి నేను వచ్చినప్పుడే దాని బ్యాటరీ చివరి దశలో ఉంది కదా.

ఏది కొనను? నాకు నేర్పింది నువ్వే కాబట్టి తప్పైతే తిట్లు కూడా నీకే.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ కోడలుపిల్ల


ఫిబ్రవరి 13

అమ్మడూ,

మేమిద్దరం ఉన్నాం. బాగున్నామా అంటే అది చివర్లో.

రెండూ వద్దు. మధ్యది ఒకటి ఉంటుంది, కొట్టువాడు దాచి ఉంటాడు, అడుగు. వాట్లు చూసి మోసపోకు. లైటు ఎక్కడ పెడతావన్నదే అసలు సంగతి. మనిషికి దగ్గరగా జరుపు. దూరం సగం చేస్తే వెలుగు నాలుగింతలవుతుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఎప్పటిలా నెత్తి మీదనుంచి కొట్టావో, సూర్యుడు చేసిన తప్పే నువ్వూ చేస్తావు. టోపీ అంచు కిందనుంచి దూరేటట్టు కళ్ళ ఎత్తులో పెట్టు.

కొనేముందు మూడు చూసుకో. నిండుగా కొట్టాక మళ్ళీ సిద్ధమవడానికి ఎంతసేపు తీసుకుంటుందో చూడు, మనిషి నవ్వు అంతసేపు ఆగదు. నీ కెమెరా తీసుకెళ్ళి షట్టరు వేగం పెంచి కొట్టి చూడు. కొన్ని లైట్లు సగం ఫోటోకే వెలుగిచ్చి మిగతా సగం నల్లగా వదిలేస్తాయి. ఆఖరిది, లైటుని అరగంట చేత్తో పట్టుకుని కొట్టువాడి ఎదుటే నిలబడు. నీకు సాయం ఎవరూ ఉండరు, స్టాండు నువ్వే మొయ్యాలి. చెయ్యి ఒప్పుకోని వస్తువు ఎంత గొప్పదైనా మూలకే చేరుతుంది.

ఇక ఇక్కడి కబుర్లు. మొన్న స్టూడియోలో ఎవరికో గడ్డం పైకెత్తమని చెబుతూ చెబుతూ కళ్ళు తిరిగి స్టూలు మీద కూలబడ్డాను. మీ అత్తయ్య నానా హంగామా చేసి ఆస్పత్రికి ఈడ్చుకెళ్ళింది. ఛాతీ నిండా వైర్లు అంటించి, కాగితం మీద గీతలు గీసి, గుండె కాస్త బద్ధకిస్తోంది అన్నారు. కంగారు పడాల్సిందేం లేదు. ఆ రోజునుంచీ మీ అత్తయ్య నన్ను కూడా "ముసలాడా" అనే పిలుస్తోంది. ఇంట్లో ఇప్పుడు ఇద్దరం.

ఇంకొక్క మాట. ముసలాడు ఈమధ్య ఉండుండి కొట్టడం మానేస్తున్నాడు. కొడుతూ కొడుతూ ఒకటి వదిలేస్తాడు, మళ్ళీ అందుకుంటాడు. చిన్న బ్యాటరీ ఒకటి పెట్టిస్తే పదేళ్ళు ఢోకా లేదంటున్నారు. కోయడం, కుట్టడం కొంచెం ఉంటుందట. పెట్టించాలా, లేక నడిచినన్నాళ్ళు నడిచి ఆగిపోనిమ్మంటావా? పెట్టించమని మీ అత్తయ్య పోరు. నాకేమో ఈ వయసులో ఎందుకొచ్చిన బాధ అనిపిస్తుంది. చివరికి నిన్నే అడగమంది. తిన్నగా అడగడం నాకు చేతకాదని నీకు తెలుసు. అడిగేశాను. నువ్వెలా అంటే అలాగే.

మామయ్య


ఫిబ్రవరి 20

మామయ్యా,

నువ్వు దేవుడివి! మధ్యది నిజంగానే ఉంది, నాలుగువందలది, అడిగితే గానీ తియ్యలేదు. నువ్వు చెప్పినట్టే చేత్తో పట్టుకుని నిలబడ్డాను. కొట్టువాడు కాసేపు చూశాడు, కాసేపు దగ్గాడు, తర్వాత కుర్చీ తెచ్చి "కూర్చుని పట్టుకోండమ్మా" అన్నాడు. కూర్చుంటే పరీక్ష చెల్లదన్నాను. పెద్దది పట్టుకుంటే భుజం పీకేసింది. చిన్నది హాయిగా ఉంది గానీ నిండుగా కొట్టించి వీధిలో చూస్తే ఎండ దాన్ని లెక్కే చెయ్యలేదు. మధ్యది కళ్ళ ఎత్తులో, దగ్గరగా పెట్టి, టోపీ పెట్టుకున్న వాచ్‌మన్‌కి తీశాను. కళ్ళు! రెండు కళ్ళూ, కంటి కింద ముడతలతో సహా! అతను తన ఫోటో చూసుకుని "నేనింత మంచోడిలా ఉంటానా?" అన్నాడు. అక్కడికక్కడే కొనేశాను. అదనపు బ్యాటరీ కూడా.

నీ ఒంటి సంగతి చదివి ఒక్క క్షణం భయం వేసింది, నువ్వే ఏం లేదన్నావు కాబట్టి సరే. స్టూడియోలో ఫ్యాను బాగు చేయించు. నీళ్ళు తాగు.

ఇక ముసలాడి సంగతి. సూటిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకు. వద్దు. పెట్టించకు. అంత పాతదానికి కొత్త బ్యాటరీ వేయించడం శుద్ధ దండగ. ఇవాళ బ్యాటరీ అంటారు, రేపు ఇంకోటి పోతుంది, విడిభాగాలు ఎక్కడా దొరకవు. ఆగిపోయేదాకా వాడి, ఆగాక ఒక గుడ్డ కప్పి పక్కన పెట్టెయ్. జాలిపడి లాభం లేదు. లోపలివి ఏవైనా ఇంకా బాగుంటే విప్పి అవసరమున్నవాళ్ళకి ఇచ్చెయ్, పుణ్యం వస్తుంది. అత్తయ్యకి కూడా ఇంట్లో చోటు కలిసొస్తుంది. ముసలాడి చోట కొత్తదాన్ని నేనే చూసి పంపుతానని ఆవిడకి చెప్పు.

వచ్చే నెల పంతొమ్మిదిన డిపోలో ఫోటోలు. నా అదృష్టం అప్పుడు తేలుతుంది.

ఈ బస్సు కుదుపుల్లో రాస్తున్నాను, గీతలకి క్షమించు.

కోడలుపిల్ల


ఫిబ్రవరి 27

అమ్మడూ,

లైటు కుదిరినందుకు సంతోషం. వాచ్‌మన్ మాట మీ అత్తయ్యకి చదివి వినిపించాను. నవ్వలేదు. ఆవిడ ఈమధ్య నవ్వడం లేదు.

నీ జవాబు కాస్త కరుకుగా ఉంది గానీ, నేను ఏ భాషలో అడిగానో ఆ భాషలోనే చెప్పావు. తప్పు పట్టను. రెండుసార్లు చదువుకున్నాను. విడిభాగాలు దొరకవన్న మాట నిజమే. ఆస్పత్రికి మనిషిని పంపి, రావడం లేదు, నాకిచ్చిన రోజు ఇంకెవరికైనా ఇవ్వండి అని చెప్పించాను. డాక్టరు మంచివాడు, ఎందుకు అని కబురు చేశాడు. మా ఇంట్లో అన్నీ తెలిసిన పిల్ల వద్దందని చెప్పించాను. లోపలివి ఇచ్చెయ్యమన్నావు కదా, కళ్ళు ఇస్తానని కూడా కబురు పెట్టాను. ఇన్నేళ్ళూ వెలుగు చూసి బతికిన కళ్ళు, ఇంకొకరికి పనికొస్తే మంచిదే.

మీ అత్తయ్యకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. గోడ మీది నీ ఫోటో వెనక్కి తిప్పేసింది. నేను ముందుకి తిప్పుతాను, ఆవిడ మళ్ళీ వెనక్కి తిప్పుతుంది. "ముసలాడి చోట కొత్తదాన్ని పంపుతుందట! ఎవతెని పంపుతుంది? నన్నేం చేద్దామని?" అని ఒకటే గొణుగుడు. నాకూ ఆ వాక్యం అర్థం కాలేదు, సరదాకి రాసి ఉంటావు అన్నాను. ఇది సరదాకి సమయమా అంది.

స్టూడియో ఒక్క పూటే తెరుస్తున్నాను. కాస్త నిలబడితే నేల పక్కకి జారినట్టుంటోంది. అది వస్తుంది, పోతుంది.

పంతొమ్మిదికి ముందే రెండు బ్యాటరీలూ నిండా ఎక్కించుకో. మర్చిపోకు.

మామయ్య


మార్చి 5

మామయ్యా! మామయ్యా!

లైటు! నేను చెప్పింది లైటు గురించి! నీ పాత ఫ్లాష్, ఆ ఈల వేసే పెట్టె, దాని గురించి! నీ గుండెకి బ్యాటరీ వెయ్యద్దని నేనెందుకంటాను? నాకేమైనా పిచ్చా?

నీ ఉత్తరం డిపో గేటు దగ్గర నిలబడి చదివాను. "ఆస్పత్రి" దగ్గరికి వచ్చేసరికి ఆగి, నీ పాత ఉత్తరం బ్యాగులోంచి లాగి మళ్ళీ చదివితే అంతా ఎదురుగానే ఉంది. కోయడం, కుట్టడం! ఫ్లాష్‌ని ఎవరైనా కుడతారా? దాని తోలు సంచీ కుట్టాలేమో అనుకున్నానయ్యా, నీకు దణ్ణం పెడతా. నా బుర్రంతా లైట్లతో నిండిపోయి, ముసలాడు కొట్టడం లేదంటే ఫ్లాష్ కొట్టడం లేదనుకున్నాను. లోపలివి విప్పి ఇచ్చెయ్యమన్నాను. గుడ్డ కప్పమన్నాను! అది రాసింది ఈ చెయ్యేనా అని చూసుకుంటున్నాను.

వెంటనే అత్తయ్యకి ఫోను చేశాను. ఎత్తి, "ఇంకేం మిగిలింది చెప్పడానికి?" అంది. ఏడుస్తూ చెప్పాను, సగం అర్థం కాలేదనుకుంటా. రెండోసారి చెప్పాక అవతల్నుంచి ఒక్క కేక, నాక్కాదు, నీకు. "అది లైటు గురించయ్యా! లైటూ! లైటూ!" నువ్వు లోపల్నుంచి, "రైటే, నేనూ అదే అంటున్నా" అనడం చెవులారా విన్నాను. అత్తయ్య ఫోను పట్టుకుని నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. నువ్వెళ్ళి రాసి పంపవే, కాగితం మీద ఉంటే గానీ నమ్మడు అంది.

అందుకే రాస్తున్నాను, పెద్ద అక్షరాలతో. రైటు కాదు. లైటు. నువ్వు బ్యాటరీ పెట్టించుకోవాలి. పదేళ్ళు కాదు, అది అయిపోయాక ఇంకోటి, అదీ అయిపోయాక ఇంకోటి. నువ్వు లేకపోతే నేను ఎవర్ని అడగను? లైటు గురించే కాదు, దేని గురించైనా. అత్తయ్య ఆస్పత్రికి బయల్దేరుతానంది. నువ్వు ఆవిడ వెంట నోరెత్తకుండా వెళ్ళు.

డిపో పని వదిలేసి రేపే వస్తాను. వద్దనకు.

నీ పిచ్చి కోడలుపిల్ల


మార్చి 10

పిచ్చిదానా,

రావద్దు. వదిలేశావంటే మాత్రం నిజంగానే నీ ఫోటో తిప్పేస్తాను. అది ఇప్పుడు ముందుకే ఉంది. మీ అత్తయ్య తుడిచి మరీ పెట్టింది.

ఉత్తరం రాకముందే ఆవిడ పలక మీద రాసి నా మొహానికి అడ్డంపెట్టింది. చదివాను. నవ్వు మొదలైతే ఆగలేదు. నవ్వితే కళ్ళు తిరుగుతాయని ఆవిడ నన్ను పట్టుకుంది, తనకీ నవ్వే, ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని మంచం మీద కూలబడ్డాం.

నువ్వు ఏడవకు. తప్పు అడగడంలోనే ఉంది. ఆ డాక్టరుకి మాత్రం గుండె అంటే గుండె అనే చెప్పాను, నీకు రాసేసరికి చెయ్యి వంకర తిరిగింది. కానీ ఒక మాట చెప్పాలి. నువ్వు వద్దన్నావని చదివిన రోజు నేను బయటికి సరే అన్నాను. లోపల మాత్రం, అయ్యో, అంతేనా అనిపించింది. పక్కింటావిడ బట్టలు ఆరేస్తుంటే, వాటి మీద పడ్డ ఎండ చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. నాకు బతకాలని ఉందే అమ్మడూ. చాలా ఉంది. ఎందుకొచ్చిన బాధ అన్నదంతా ఒట్టి మాట, కత్తికి భయపడి అన్న మాట.

డాక్టరు మళ్ళీ రోజు ఇచ్చాడు. "తెలిసిన పిల్ల ఒప్పుకుందా?" అని అడిగాడట. అది కూడా పంతొమ్మిదే. ఇంకో రోజు లేదు. కాబట్టి ఎవరి పని వాళ్ళం చేద్దాం. అయిపోగానే మీ అత్తయ్య నీకు ఫోను చేస్తుంది.

లైటుకి ముందు పల్చటి తెల్ల గుడ్డ కట్టు, వెలుగు మెత్తబడుతుంది. గాలి వీస్తే స్టాండు కాలికి సంచిలో ఇసక పోసి వేలాడదియ్యి.

మామయ్య


మార్చి 19, సాయంత్రం

మామయ్యా,

రేపు పొద్దున బస్సెక్కుతున్నాను. ఈ ఉత్తరం చేత్తోనే తెచ్చిస్తాను. ఎదురుగా ఉండి చెబుదామంటే వార్డులో అరవనివ్వరు, అరవకపోతే నీకు వినపడదు.

పొద్దుట్నుంచీ ఫోను జేబులోనే. లైటు కొట్టినప్పుడల్లా నువ్వెక్కడున్నావో, లోపలికి తీసుకెళ్ళారో లేదో అనుకుంటూనే ఉన్నాను. లైటు మాత్రం తడబడలేదు. అడిగినప్పుడల్లా కొట్టింది. డ్రైవర్లు వరసలో నిలబడి ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటున్నారు. ఒకాయనకి మీసం దువ్వుకోవడమే సరిపోయింది. కండక్టరు ఒకావిడ తన బస్సుకి చెయ్యి ఆనించి నిలబడితే, ఇనుము కాలుతుందమ్మా అన్నాను. నాది నన్ను కాల్చదు అంది.

మీసాలాయన వంతు నడుస్తుండగా ఫోను మోగింది. అత్తయ్య. "పెట్టారే! కొడుతోందే! టీ అడుగుతున్నాడే!" ఈ మూడే మాటలు. నేను కెమెరా మెడలో వేలాడుతుండగానే అక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఆయన పరిగెత్తుకొచ్చి, "ఏమ్మా, ఆ లైటు కంట్లో పడిందా?" అన్నాడు. మా మామయ్య బాగున్నాడండీ అన్నాను. ఆయన వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా, "ఆవిడ మామయ్య బాగున్నాడంట!" అని అరిచాడు. ఎవరో హారన్ కొట్టారు. ఇంకెవరో కొట్టారు. డిపో డిపో అంతా హారన్లే. ఏమైందోనని మేనేజరు ఆఫీసులోంచి ఊడిపడ్డాడు. నీ చెవికి కూడా వినపడేది.

ఫోటోలు మేనేజరు చూశాడు. ఒకటి దగ్గరికి తీసుకుని, "వీడికి పిల్లి కళ్ళని ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. పని నాదే.

రేపటి బస్సులో ముందు సీటు ఉంచుతామన్నారు డ్రైవర్లు. వస్తున్నాను.

కోడలుపిల్ల


ఏప్రిల్ 4

అమ్మడూ,

నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిగా ఉంది. నువ్వు తీసిన ఫోటోలో నేను మరీ ఆస్పత్రి వాడిలా ఉన్నానని మీ అత్తయ్య అభిప్రాయం. నాకు నచ్చింది.

ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తకూడదట ఇంకొన్నాళ్ళు. స్టూడియో మాత్రం తెరిచాను, కుర్చీలో కూర్చుని తీస్తున్నాను. కళ్ళు తిరగడం లేదు. ఈ బ్యాటరీ ఎలా పనిచేస్తుందో డాక్టర్ని పట్టుపట్టి చెప్పించుకున్నాను. ఇది ఊరికే కొడుతూ ఉండదట. నా గుండె తనంతట తను కొట్టినంతసేపు చూస్తూ కూర్చుంటుందట. ఒకటి వదిలేసిందా, అప్పుడు కొడుతుందట. అంటే మీ అత్తయ్యే అన్నమాట అన్నాను. ఆవిడ పక్కనే ఉంది, ఆ మాట నిజమని రుజువు చేసింది.

నిన్న కుట్లు చూపించుకోవడానికి వెళ్ళాం. డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి విని, బ్రహ్మాండంగా ఉంది అన్నాడు. మీ అత్తయ్య నమ్మినట్టు లేదు, అలాగే నిలబడి ఉంది. ఆయన ఏమనుకున్నాడో, ఆ గొట్టం తీసి ఆవిడ చెవులకి పెట్టాడు. మొదట బిత్తరపోయింది. తర్వాత కళ్ళు మూసుకుంది. నాకు ఆవిడ మొహం తప్ప ఇంకేం కనపడలేదు. బయట పేషెంట్లు వరసలో ఉన్నారు. కాంపౌండరు తలుపు తీసి చూసి మళ్ళీ మూశాడు. డాక్టరు ఆవిడ భుజం మీద తట్టి, "చాలామ్మా?" అన్నాడు.

ఆవిడ కళ్ళు తెరవకుండానే చెయ్యి అడ్డంపెట్టి, "ఉండండి బాబూ, ఇంకాసేపు" అంది.

మామయ్య